కడిగిన కత్తి

జూన్ 21

మా తమ్ముడు శ్రీశైలం ప్రతి జనవరిలో తెచ్చిచ్చే కంపెనీ డైరీ ఇది. ఇన్నేళ్లూ ఇందులో బోరు ఎన్ని గంటలకు వేశాను, కరెంటు ఎప్పుడు పోయింది అనేవి తప్ప ఇంకేం రాయలేదు. ఈ రోజు వేరే సంగతి రాయాల్సి వచ్చింది.

మొదటి వరసలో మూడు బత్తాయి చెట్లకు మొదళ్ల దగ్గర బంక కారుతోంది. తేనె రంగులో ఉంది, ముట్టుకుంటే వేలు వదలడం లేదు. బంక పక్కన బెరడు నల్లబడి నిలువునా పగిలింది. గోరుతో గిల్లి చూశాను. లోపల గోధుమ రంగు, పులిసిన వాసన.

వాసన రాగానే నాకు అర్థమైపోయింది. మా పొలానికీ కంపెనీ గోడకూ మధ్య ఒక్క మురికికాలువే అడ్డం. పాశమైలారంలో తెల్లవారితే ఏ వాసన వస్తుందో ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. ఆ కంపెనీ పేరున్న కాగితం మీదే ఆ కంపెనీని తిట్టుకుంటూ రాస్తున్నాను, అదొక్కటే సంతోషం.

జూన్ 24

ఐదు చెట్లు.

జూన్ 27

శ్రీశైలంది ఈ నెలా వచ్చే నెలా బి షిఫ్టు. మధ్యాహ్నం కంపెనీ బస్సు వచ్చేలోగా రోడ్డు మీదే పట్టుకున్నాను. కంపెనీలో మురికినీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంటుంది, అందులో వాడు ఆపరేటర్. సున్నం కలపడం, వాల్వులు తిప్పడం, రిజిస్టర్ రాయడం వాడి పని. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న.

"నిజం చెప్పురా. నీళ్లు కాలువల ఇడుస్తున్నరా లేదా?"

"మా ప్లాంటుకెల్లి చుక్క బయటికి రాదే అన్నా. పక్క కంపెనీలోల్ల సంగతి నాకెర్కలేదు."

"మరి నా చెట్లు ఉత్తగనే ఏడుస్తున్నయా?"

వాడు చేతిలోని టిఫిన్ డబ్బా అటూ ఇటూ మార్చుకున్నాడు. "జెర నీళ్లు తక్కువ పెట్టే. నీ పాదులల్ల ఎప్పుడు జూసినా నీళ్లు నిలబడే ఉంటయి."

"వాల్వులు తిప్పేటోడివి, నువ్వు నాకు ఎవుసం చెప్తవా?"

బస్సు వచ్చింది, ఎక్కాడు. కిటికీలోంచి చూడనైనా లేదు.

గట్టుకు ఇవతల నావి నూట ఇరవై చెట్లు, అవతల వాడివి నూట పది. తొమ్మిదేళ్ల కింద ఒక్క నర్సరీ నుంచి తెచ్చి, ఒక్క రోజే ఇద్దరం కలిసి నాటాం. షిఫ్టుల వల్ల తీరిక లేదని వాడు డ్రిప్పు పైపులు పరిచాడు. చెట్టుకు చుక్కచుక్కగా నీళ్లు పోసేవాడి సలహా నాకెందుకు?

జూలై 2

ఉపాయం దొరికింది. విషం నేలలోకి దిగితే దాన్ని మంచి నీళ్లతో కడిగేయాలి. కడుపులో పడనిది పడితే నీళ్లు తాగించి కక్కించరా? అంతే ఇది కూడా. ఇస్నాపూర్ నుంచి ట్యాంకర్లు పిలిపించి మొదటి చెట్టు నుంచి చివరి చెట్టు దాకా పాదులన్నీ నిండా పారించాను. ఒక పాదు నిండి తర్వాతి పాదులోకి, అందులోంచి ఆ తర్వాతి దానిలోకి. చూస్తుంటే కడుపు నిండింది. నీళ్లు ఇంకాక మొదళ్ల చుట్టూ పశువుల ఎరువు, మట్టి మోకాలెత్తు ఎగదోశాను, చెట్లకు బలం పట్టాలని.

ఒక చోట గట్టు తెగి కాసిన్ని నీళ్లు శ్రీశైలం పొలంలోకి పోయాయి. మంచి నీళ్లే కదా, వాడికే లాభం.

జూలై 5

అరుణమ్మ ఒక మాట అన్నది. భార్య అన్నాక ఏదో ఒకటి అంటుంది. రాయను.

జూలై 9

పద్నాలుగు చెట్లు. పొద్దున్నే కత్తి నూరి, కుళ్లిన బెరడంతా గీకేశాను. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో నడుం కూడా ఎత్తలేదు. పక్కనున్న మంచి చెట్లకు కూడా రెండు రెండు గాట్లు పెట్టి చూశాను, లోపల ఏమైనా ఉందేమోనని. పద్నాలుగు, ఆ పక్కవి ఇంకో ఇరవై. యాభై ఒక్క ఏళ్ల మనిషి చేసే పనేనా ఇది! అన్నం తినేటప్పుడు కూడా చేతికి బంక అంటుకునే ఉంది.

మళ్లీ ట్యాంకర్ చెప్పాను.

జూలై 14

బోనాలు. ప్రతి ఏడూ రెండిళ్ల అన్నం ఒక్కచోటే. ఈ ఏడు తలనొప్పని నేను పడుకున్నాను. శ్రీశైలం గడప దాకా వచ్చి "అన్నా" అని రెండుసార్లు పిలిచాడు. తలనొప్పి నిజంగానే ఉంది.

జూలై 19

కాలుష్యం మీద ఊళ్లో పది మంది రైతులం కలిసి కాగితం పెట్టాం. రాసింది నేనే, చదువుకున్నది నేనొక్కడినే కాబట్టి. కాలువ సంగతి రాశాను, వాసన రాశాను, నా చెట్లు రాశాను. కాలుష్య బోర్డు ఆఫీసులో ఆయన "ఎప్పుడు వదుల్తున్నరో టైము రాస్తే పని జల్దీ అయితది" అన్నాడు. అప్పుడు రాశాను: బి షిఫ్టులో, సాయంత్రం పూట, ప్లాంటు ఆపరేటర్ వాల్వు తీసి వదులుతున్నారని.

కళ్లతో చూశానా అంటే చూడలేదు. చూసినట్టే. ఎవరి పేరూ రాయలేదు.

జూలై 26

నిన్న అధికారులు వచ్చి కాలువలోనూ మా బోరులోనూ సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ఈ రోజు కంపెనీవాళ్లు విచారణ అయ్యేదాకా శ్రీశైలాన్ని పనికి రావద్దన్నారట. అరుణమ్మ చెప్పి నా మొహం చూస్తూ నిలబడింది.

నేను పేరు రాయలేదు. ఆ కాగితంలో ఎక్కడా పేరు లేదు. ఎవరైనా తీసి చూసుకోవచ్చు.

జూలై 28

వచ్చాడు. గట్టు దాటలేదు, అవతలే నిలబడ్డాడు.

"నువ్వే రాసినవట గదా."

"నీ పేరు రాయలేదురా."

"పదకొండేండ్లు జేసిన అన్నా ఆడ. వాల్వు దగ్గర నా సంతకం లేని దినం లేదు. నువ్వు జూసినవా నేను ఇడుస్తుంటె? చూసినవా?"

"కాలువల నీళ్లు ఏడికెల్లొస్తున్నయి మరి?"

"అది అడుగు. గట్టిగ అడుగు, నేను గూడ నీ ఎంబడే వస్తుంటి. నన్నెందుకు రాసినవే?"

నేను చెట్లు చూపించాను. "ఇవ్వన్ని సచ్చిపోతున్నయిరా, నీకు కనవడ్తలేవా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. వాడు చెట్లను చూశాడు, మొదళ్ల దగ్గర నేను ఎగదోసిన మట్టిని చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

జూలై 30

శ్రీశైలం ఇస్నాపూర్‌లో కిరాయి రూములో దిగాడు. బొల్లారంలో ఏదో కాంట్రాక్టు పని దొరికిందట. ఇంటిదాన్ని, పిల్లల్ని అత్తవారింటికి పంపించాడు. పోనీ. కొన్నాళ్లకు వాడే వస్తాడు.

ఆగస్టు 3

ఏమని రాయను! పూత! బంక కారిన చెట్లకే, కాలం కాని కాలంలో, ఆకు కనిపించనంత పూత! పొలమంతా వాసన, కంపెనీ వాసనే ఓడిపోయింది. నీళ్లు పనిచేశాయి. విషం కడుక్కుపోయింది. అరుణమ్మను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించాను. ఆమె ఒక పువ్వు తెంపి చూసి కింద పడేసింది.

"ఆకులు పచ్చగైతున్నయి, చూసినవా?" అంది. పచ్చగా అంటే ఆమె లెక్కలో పసుపు రంగు.

పూత చూపిస్తే ఆకులు చూసే మనిషి.

ఆగస్టు 6

ఇంకో ట్యాంకర్.

ఆగస్టు 11

పూత రాలిపోయింది. నిలిచిన పిందెలు గోళీకాయల కంటే పెద్దవి కావడం లేదు. ఆకుల ఈనెలు పసుపుపచ్చ. మొదటి వరసలో నాలుగు చెట్లు కొమ్మ కొసల నుంచి ఎండుకుంటూ వస్తున్నాయి. లెక్కపెట్టాను, బంక ఉన్నవి నలభై రెండు. నీళ్లు పారిన దారిలోనే వరసగా ఉన్నాయి. ఎందుకలా వరసగా ఉన్నాయో తెలియదు.

ఆగస్టు 16

నీళ్ల పరీక్ష కాగితం వచ్చింది. కాలువ నీళ్లలో ఉండకూడనివి ఉన్నాయట. ఎవరు వదిలారో తేలలేదు. మా బోరు నీళ్లు బాగానే ఉన్నాయట.

కాగితం మీద ఏమైనా రాయొచ్చు.

నేనూ రాశాను కదా.

ఆగస్టు 20

నాకు చెప్పకుండా అరుణమ్మ ఉద్యానశాఖ ఆఫీసుకు పోయి ఒక అమ్మాయిని తీసుకొచ్చింది. పేరు భవాని. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, అధికారి. నేను కంపెనీ సంగతంతా మొదటి నుంచీ చెప్పాను, ఓపికగా విన్నది. విని ఒక్కటే అడిగింది.

"నీళ్లెట్ల పెడ్తున్నరే అన్నా?"

చెప్పాను. ట్యాంకర్ల సంగతి కొంచెం గర్వంగానే చెప్పాను.  ఆమె చెట్టు మొదలు దగ్గర గొంతుక్కూర్చుని చేతులతోనే మట్టి తోడటం మొదలుపెట్టింది. నేను పార ఇస్తానంటే వద్దంది. జానెడు, ఇంకో నాలుగు వేళ్లు తోడాక చెట్టు మెడ బయటపడింది. అంటు కట్టిన చోటు, కింద జంబేరి నిమ్మ వేరు, పైన బత్తాయి. బత్తాయి భాగమంతా మెత్తగా కుళ్లి ఉంది. వేలు పెడితే దిగింది.

"ఇది బూజు తెగులు అన్నా. నేలలనే ఉంటది. నీళ్లు నిలబడితె దానికి పండుగ. నీళ్లతోనే ఈత గొట్టుకుంట ఒక పాదుకెల్లి ఇంకో పాదుకు పోతది. జంబేరికి కొంచెం తట్టుకునే బలం ఉంటది, బత్తాయి బెరడుకు ఉండది. అందుకే అంటు నేలకు జానెడు పైన ఉండాలె. మీరు గొంతు దాంక మట్టి కప్పిండ్రు."

"కంపెనీ నీళ్లు..."

"కంపెనీల పాపం కంపెనీలది. ఈ చెట్లను పండవెట్టింది గది గాదన్నా."

పూత గురించి అడిగాను. ఇంత పూత ఎందుకు వచ్చిందని.

ఆమె చేతులు తుడుచుకుంది. "సచ్చిపోయే చెట్టు అట్లనే పూస్తది. ఆఖరిసారి."

కత్తి చూపించమంది. చూపించాను. "ప్రతి చెట్టుకు కడిగిండ్రా?" అని అడిగింది. ఒక్కసారీ కడగలేదు. జూలైలో నేను ఒక్క పొద్దున నడుం ఎత్తకుండా తిరిగిన ముప్పై నాలుగు చెట్లూ కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి.

వెళ్లేముందు చేయవలసినవి చెప్పింది. మొదళ్ల దగ్గర మట్టి తీసేయాలి. చెట్టుకు మూరెడు దూరంలో ఒక కట్ట, దాని అవతల ఇంకో కట్ట వేసి, నీళ్లు ఆ రెండు కట్టల మధ్యే పెట్టాలి, మొదలు తడవకూడదు. కుళ్లిన బెరడు పచ్చి బెరడు కనిపించేదాకా గీకి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూయాలి. పూర్తిగా పోయినవి వేళ్లతో సహా తీసి కాల్చేయాలి. నలభై రెండులో పంతొమ్మిదికి ఇంటూ గుర్తు పెట్టింది. సుద్దముక్కతో, మెల్లగా, చెట్టుకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు.

ఆగస్టు 21

బి షిఫ్టులో మా ఊరి నుంచి వాడొక్కడే. పేరు రాయనవసరం లేదని నాకు తెలుసు. రాసేటప్పుడే తెలుసు.

ఆగస్టు 22

జూలై అయిదున అరుణమ్మ అన్న మాట ఇది: "రెండు పొలాలకు ఒక్కటే బోరు గదనయ్యా. విషం నీళ్లలుంటే మీ తమ్ముని చెట్లు మంచిగెట్లున్నయి?"

దీనికి నేను అప్పుడు ఇచ్చిన జవాబు కూడా రాయాలి. "వానికి కంపెనోల్లు లోపలి మందు ఇచ్చి ఉంటరు" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆగస్టు 24

పంతొమ్మిది చెట్లు కాల్చాను. నాటిన రోజు వీటికి నీళ్లు మోసింది వాడు, గుంతలు తవ్వింది నేను.

మందు నేనే కలపబోయాను. ప్లాస్టిక్ బకెట్‌లో మైలుతుత్తం నీలంగా కరిగింది. ఇంకో దాంట్లో సున్నం కలిపి రెండూ ఒకటి చేశాను. భవాని మేడం ఒక పరీక్ష చెప్పింది: కత్తి ముంచి తీస్తే ఇనుము ఎర్రబడకూడదు, ఎర్రబడితే సున్నం చాలలేదని, ఆ మందు బెరడును కాలుస్తుందని. ముంచాను, రాగి పూత పూసినట్టు ఎర్రబడింది. ఇంకా సున్నం వేశాను, మళ్లీ ఎర్రబడింది. కొట్టువాడి దగ్గరున్న సున్నమంతా తెచ్చాను. బకెట్ పెరుగులా అయింది గానీ కత్తి ఎర్రబడుతూనే ఉంది.

సున్నం గురించి మా ఇంట్లో తెలిసినవాడు ఒక్కడే.

ఆగస్టు 27

ఇంకో కాగితం రాశాను. బి షిఫ్టు సంగతి నేను చూడలేదని, కోపంతో ఊహించి రాశానని, కాలువ మీద ఫిర్యాదు అట్లాగే ఉందని. నా పేరు పెద్ద అక్షరాలతో రాశాను. ఒకటి ఆఫీసులో ఇచ్చి, ఇంకొకటి పట్టుకుని కంపెనీ గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. చివరికి ఒకాయన వచ్చి తీసుకుని "చూస్తం" అన్నాడు. చూస్తారో లేదో.

అక్కడి నుంచి ఇస్నాపూర్. ఒక్క రూములో నలుగురు. మిగతా ముగ్గురూ ఒడిశావాళ్లు, శ్రీశైలం వాళ్లతో హిందీలో మాట్లాడుతూ బియ్యం కడుగుతున్నాడు. నన్ను చూసి కూర్చోమనలేదు. నేనే గడప దగ్గర కూర్చున్నాను. కాగితం నకలు ఇస్తే చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"తప్పయిందిరా తమ్మీ."

బియ్యం నీళ్లు ఒంపాడు. మళ్లీ పోశాడు. మళ్లీ ఒంపాడు.

"బిడ్డ అడుగుతుంది అన్నా, నాయినా, నిన్ను కంపెనీల దొంగ అన్నరటగా అని. దానికేం జెప్పాలె?"

 లేచి వస్తుంటే వెనక నుంచి అడిగాడు.

"ఎన్ని మిగిలినయ్?"

"నూట ఒకటి. అండ్ల ఇరవై మూడు గీకి మందు వెయ్యాలె. మందు కుదుర్తలేదు. కత్తి ఎర్రగైతుంది."

"సున్నం ఏడ దెచ్చినవ్?"

"కొట్టుల."

వాడు వంట చూసుకున్నాడు.

ఆగస్టు 30

రాలేదు. రమ్మని నేను పిలవలేదు కూడా.

సెప్టెంబర్ 1, ఆదివారం

పొద్దున ఏడింటికి షేర్ ఆటో దిగాడు, భుజాన గోనెసంచి. ఎవరితో మాట్లాడకుండా నేరుగా బకెట్ల దగ్గరికి పోయి నా సున్నం చేత్తో నలిపాడు.

"ఇది సచ్చిన సున్నం. గాలి తగిలి ఎన్నడో సచ్చింది. దీన్ల ఏం బలం ఉంటది?"

సంచిలోంచి సున్నపు రాళ్లు తీసి కొద్దికొద్దిగా నీళ్లు చల్లాడు. రాళ్లు బుసబుసమని పొంగి, పగిలి, పిండి అయ్యాయి. చల్లారాక వడగట్టి నీలం నీళ్లలో కలిపాడు. జేబులోంచి సున్నం చాలిందో లేదో చెప్పే చిన్న రంగు కాగితం తీసి ముంచి వెలుగులో చూశాడు. పదకొండేళ్లు ఆ గోడ లోపల వాడు చేసిన పని ఇదేనని నేను ఎప్పుడైనా చూశానా? వాల్వులు తిప్పేవాడు అన్నాను.

కత్తి ముంచి తీశాడు. తెల్లగా ఉంది.

మధ్యాహ్నం దాకా ఇరవై మూడు చెట్లు. నేను గీకడం, వాడు పూయడం. చెట్టు చెట్టుకూ కత్తిని మందునీళ్లలో ముంచి, కడిగి, గుడ్డతో తుడిచాడు. అరుణమ్మ మజ్జిగ తెస్తే తాగాడు, "వదినె, ఉప్పు తక్కువైంది" అన్నాడు. రెండు నెలల తర్వాత మా పొలంలో వాడన్న మొదటి మామూలు మాట అది.

పని అయ్యాక గట్టు ఎక్కి తన పొలంలోకి దిగబోయే ముందు ఆగి కత్తిని మళ్లీ కడిగాడు. ఈసారి రెండుసార్లు. పద్ధతి అదే, నాకు తెలుసు. అయినా నా చెట్ల మురికి తన చెట్లకు అంటకుండా వాడు అంత జాగ్రత్తగా తుడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. కోపం రాలేదని రాయాలని ఉంది. వచ్చింది. ఆ తర్వాత అది కూడా పోయింది.

వాడు గట్టు పక్కన మొదటి చెట్టు దగ్గర వంగి చాలాసేపు లేవలేదు. నేను వెళ్లి చూశాను. మొదలు దగ్గర ఒక్క బంక చుక్క, తేనె రంగులో. సరిగ్గా జూలైలో గట్టు తెగిన చోటు. వాడికే లాభం అని రాసుకున్న చోటు.

 ఏమంటాడా అని చూశాను. తిడితే బాగుండు అనిపించింది.

వాడు కత్తి పిడి నావైపు తిప్పి చాచాడు.

"కడిగిన. పట్టు. గీకుడు నీకే మంచిగొస్తది."

తీసుకున్నాను. బెరడు తప్ప ఏమీ కనిపించకుండా ముఖం దగ్గరగా పెట్టుకున్నాను. గోధుమ రంగు పోయింది, కింద ఇంకా గోధుమ రంగే ఉంది. ఇంకొంచెం గీకాను. వాడు పక్కనే మందు బకెట్ పట్టుకుని నిలబడ్డాడు, తొందర పెట్టలేదు. పచ్చి బెరడు కనిపించేదాకా గీకాను.